నేను ఆదివారాలు త్యాగం చెయ్యడం లేదు

ఈమధ్య ఒక కాలేజీలో రక్తదాన శిబిరం అయ్యాక నిర్వాహకులు అక్కడ పనిచేసిన మా స్వచ్ఛంద బృందాన్ని వేదిక మీదకి పిలిచి శాలువాలు కప్పారు. మైకు పట్టుకున్న పెద్దాయన మా గురించి చాలా మంచి మాటలు చెప్పారు. "కుటుంబంతో హాయిగా గడపాల్సిన ఆదివారాలని త్యాగం చేసి వీళ్ళు సమాజం కోసం కష్టపడుతున్నారు" అన్నారు. ఆయన ప్రేమగానే అన్నారు, చప్పట్లు కూడా బాగానే పడ్డాయి. కానీ నేను ఆదివారాన్ని త్యాగం చెయ్యడం లేదు. సోమవారం నుంచి శనివారం దాకా నేను ఎదురుచూసేది ఆ రోజు కోసమే. అక్కడ నా స్నేహితులు ఉంటారు, చేతినిండా పని ఉంటుంది, సాయంత్రానికి ఆ పని ఏమైందో లెక్క కనిపిస్తుంది. నాకు అది చాలా ఇష్టం.

ఈ ఇష్టాన్ని బయటికి చెప్పడానికి మనలో చాలామంది మొహమాటపడతారు. సేవ చేసేవాడు కొంచెం అలసటగా, కొంచెం దిగులుగా కనిపించాలని మనకి ఎక్కడో ఒక లెక్క ఉంది. నవ్వుతూ, జోకులేసుకుంటూ, టిఫిన్లు తింటూ చేస్తే అది కాలక్షేపం అనిపించుకుంటుంది. నేను దీనికి పూర్తిగా వ్యతిరేకం. ఏ సేవ అయినా పదేళ్ళు నడవాలంటే చేసేవాళ్ళకి అందులో ఆనందం ఉండాలి, ఆ ఆనందంలో పెద్ద వాటా పక్కనున్న మనుషులది. రక్తదానం విషయంలో అయితే ఇది ఆనందంతో ఆగదు. ఇచ్చేవాళ్ళ ఇష్టానికీ, ఆ రక్తం ఎంత భద్రం అనేదానికీ నేరుగా లంకె ఉంది. ఆ సంగతి కాసేపట్లో చెబుతాను.

మాది విజయవాడ. నెలలో రెండో ఆదివారం, నాలుగో ఆదివారం ఎక్కడో ఒకచోట మా క్యాంపు ఉంటుంది. ఒకసారి పటమటలో అపార్ట్‌మెంటు సెల్లార్, ఒకసారి భవానీపురంలో కల్యాణ మండపం, ఒకసారి ఏదో కాలేజీ సెమినార్ హాలు. ఏడింటికల్లా మేము చేరుకుంటాం. బ్లడ్ బ్యాంకు వ్యాను ఎనిమిదికి వస్తుంది. మడత బెడ్లు దించాలి, ఫ్యాన్లు ఎటు తిరిగి ఉన్నాయో చూసుకోవాలి, బరువు చూసే మిషను చదునైన నేల మీద పెట్టాలి. ఫారాలు నింపే టేబులు గుమ్మం దగ్గర, ఫలహారాల టేబులు లోపల చివర్న. ఇచ్చిన వెంటనే లేచి వెళ్ళిపోకుండా మనిషి కనీసం పావుగంట అక్కడ కూర్చోవాలి కాబట్టి, ఆ చివర కుర్చీలు బాగుండాలి, మాట్లాడే మనిషి ఉండాలి.

ఆ మాట్లాడే మనిషి మా లెక్కల మాస్టారు. రిటైరయ్యారు. మొదటిసారి రక్తం ఇచ్చే కుర్రాళ్ళకి టెన్షన్ ఎంత ఉంటుందో ఆయనకి తెలిసినంతగా డాక్టరుకి కూడా తెలియదేమో అనిపిస్తుంది. సూది గుచ్చబోయే సమయానికి ఆయన వచ్చి, ఇంటర్‌లో ఏ గ్రూపు, ఏ ఊరు, మీ ఊళ్ళో ఫలానా చెరువు ఇంకా ఉందా అని అడుగుతారు. వాడు జవాబు చెప్పేలోగా సూది దిగిపోతుంది. ఐదు నుంచి పది నిమిషాల్లో 350 మిల్లీలీటర్లు సంచిలోకి వెళ్ళిపోతుంది. యాభై ఐదు కేజీలు దాటినవాళ్ళ దగ్గర 450 కూడా తీస్తారు.

ఫారాల టేబులు నాది. వయసు పద్దెనిమిది నిండిందా, అరవై ఐదు దాటలేదు కదా, బరువు కనీసం నలభై ఐదు కేజీలు ఉందా, పోయినసారి ఎప్పుడిచ్చారు అని అడగాలి. మగవాళ్ళకి మూడు నెలలు, ఆడవాళ్ళకి నాలుగు నెలలు ఎడం ఉండాలి. పొద్దున టిఫిన్ తిన్నారా, రాత్రి నిద్రపోయారా అన్నవి కూడా అడుగుతాం. తర్వాత హిమోగ్లోబిన్. చాలా క్యాంపుల్లో ఇప్పటికీ పాత పద్ధతే. వేలి చివర నుంచి ఒక్క చుక్క తీసి మైలుతుత్తం కలిపిన నీలం నీళ్ళలో వేస్తారు. చుక్క గబగబా మునిగితే హిమోగ్లోబిన్ 12.5 పైన ఉన్నట్టు. తేలితే లేనట్టు. చుక్క తేలిన ఆడపిల్లలు చిన్నబుచ్చుకుని వెళ్ళిపోతుంటారు. వాళ్ళని అలా పంపకూడదని పట్టుబట్టింది మా బృందంలో ఉన్న నర్సింగ్ కాలేజీ మేడమ్. ఇప్పుడు ప్రతి ఒక్కరినీ ఆవిడ పక్కన కూర్చోబెట్టుకుని, ఐరన్ మాత్రలు, ఆకుకూరలు, భోజనం అయిన వెంటనే టీ తాగకపోవడం లాంటివన్నీ ఓపిగ్గా చెప్పి, డాక్టరుకి చూపించుకోమని పంపుతుంది. నాలుగైదు నెలలకి వాళ్ళే తిరిగొచ్చి చుక్క మునిగిందని చూపించిన రోజులున్నాయి. ఆ రోజు మేడమ్ ముఖం చూడాలి.

మా మెకానిక్ తమ్ముడు వ్యాను, జనరేటరు, బాక్సులు చూసుకుంటాడు. మెడికల్ షాపు బావ ఫోన్లు చూసుకుంటాడు. బావ అంటే నిజంగా బావ కాదు, తమ్ముడూ నిజంగా తమ్ముడు కాదు, అందరం వాళ్ళని అలాగే పిలుస్తాం. ఎవరు ఎప్పుడిచ్చారో, ఎవరికి మళ్ళీ ఎప్పుడు గడువు వస్తుందో ఆయన దగ్గర పుస్తకం ఉంది. కంప్యూటర్‌లోకి ఎక్కించమని మా అబ్బాయి చాలాసార్లు చెప్పి, చివరికి వాడే కూర్చుని ఎక్కించాడు. బావ మాత్రం ఆ పుస్తకాన్నే చూస్తారు. ఎందుకంటే అందులో పేరు పక్కన "కూతురి పెళ్ళి ఫాల్గుణంలో", "కొత్త ఉద్యోగం, శనివారం కూడా డ్యూటీ" అని రాసుకుంటారు. ఫోన్ చేసినప్పుడు ముందు అమ్మాయి పెళ్ళి బాగా జరిగిందా అని అడుగుతారు. క్యాంపు మాట ఆ తర్వాతే.

మధ్యాహ్నం దాటాక వ్యాను కదలాలి. రక్తంలోంచి ప్లేట్‌లెట్లని విడదియ్యాలంటే సేకరించిన కొన్ని గంటల్లోనే రక్తం ల్యాబుకి చేరాలి. వ్యాను వెళ్ళిపోయాక హాలు ఊడ్చి, కుర్చీలు సర్ది, అప్పుడు మేమందరం కూర్చుని తింటాం. ఆ గంట నా వారంలో అన్నిటికన్నా మంచి గంట. నేను దాన్ని దాచుకోదలచుకోలేదు.

ఇంత చిన్న చిన్న క్యాంపులు ఎందుకు, ఒకేసారి పెద్దది పెడితే పోదా అని అడిగేవాళ్ళున్నారు. నాయకుడి పుట్టినరోజనో, సినిమా హీరో పుట్టినరోజనో ఒకేరోజు వందలమంది, వేలమంది ఇచ్చే శిబిరాలు మన రాష్ట్రాల్లో బాగానే జరుగుతాయి. వచ్చే కుర్రాళ్ళ ఉత్సాహం మీద నాకు గౌరవం ఉంది. అభిమాన సంఘాలు తెలుగునాట రక్తదానాన్ని మామూలు కుర్రాడి దాకా తీసుకెళ్ళాయి, అది చిన్న విషయం కాదు. కానీ రక్తం దాచిపెట్టుకుంటే నిలిచే వస్తువు కాదు. ఎర్రకణాలు చల్లటి పెట్టెలో ముప్ఫై ఐదు నుంచి నలభై రెండు రోజులు ఉంటాయి. ప్లేట్‌లెట్లు ఐదు రోజులే, అవి కూడా మామూలు గది వేడిలో ఆగకుండా కదులుతూ ఉండాలి. రక్తంలోని నీటి భాగమైన ప్లాస్మాని ఒక్కదాన్నే మంచులా గడ్డకట్టించి ఏడాది దాకా ఉంచగలరు. ఒకేరోజు వెయ్యి సంచులు వచ్చి, తర్వాత రెండు నెలలు ఎవరూ రాకపోతే లాభం సగమే. పైగా ఆ వెయ్యిమందికీ మూడు నెలల దాకా మళ్ళీ ఇచ్చే వీలుండదు.

ఆస్పత్రుల అవసరం ఏడాది పొడవునా ఉంటుంది. ఏప్రిల్, మే వస్తే పరీక్షలు, సెలవులు, కాలేజీలు ఖాళీ. ఇచ్చేవాళ్ళలో ఎక్కువమంది కాలేజీ పిల్లలే కాబట్టి సరిగ్గా ఆ ఎండల్లోనే బ్లడ్ బ్యాంకుల అలమరలు ఖాళీ అవుతాయి. ప్రమాదాలు, కాన్పులు, ఆపరేషన్లు మాత్రం సెలవు తీసుకోవు. ఆగస్టు, సెప్టెంబరుల్లో డెంగీ వచ్చి ప్లేట్‌లెట్ల కోసం ఫోన్లు. ఇలాంటి అవసరానికి కావలసింది ఏడాది పొడవునా నెలకి రెండుసార్లు ముప్ఫైమందో నలభైమందో వచ్చే చోటు. ఆ చోటు నడవాలంటే ఒకరినొకరు వదలని ఒక గుంపు ఉండాలి. ఉపన్యాసం విని వచ్చినవాడు ఒకసారి వస్తాడు. మెడికల్ షాపు బావ తన కూతురి పెళ్ళి గురించి అడిగాడని వచ్చినవాడు మళ్ళీ మూడు నెలలకి వస్తాడు.

ఇక్కడ తలసీమియా పిల్లల సంగతి చెప్పాలి. వాళ్ళ ఒంట్లో హిమోగ్లోబిన్ సరిగ్గా తయారవదు. రెండు నుంచి నాలుగు వారాలకోసారి రక్తం ఎక్కించుకోవాలి, జీవితాంతం. ఎక్కించిన ప్రతిసారీ ఒంట్లో ఇనుము పేరుకుంటుంది, గుండె, కాలేయం పాడవకుండా దాన్ని బయటికి పంపే మందులు రోజూ వేసుకోవాలి. 2016 వికలాంగుల హక్కుల చట్టం తలసీమియాని, హీమోఫీలియాని, సికిల్‌సెల్ వ్యాధిని కూడా వైకల్యాలుగా గుర్తించింది. ఆ గుర్తింపు కోసం ఎంతోమంది తల్లిదండ్రులు పోరాడారు. కానీ చట్టం రక్తాన్ని పుట్టించలేదు కదా. నెల నెలా ఎవరో ఒకరు వచ్చి చెయ్యి చాచాలి.

మా క్యాంపులకి ఒక ఆటో డ్రైవరు వస్తాడు. వాళ్ళ బాబుకి తలసీమియా. అతను వచ్చి రక్తం ఇవ్వడంతో ఆగడు, గడువు లేని రోజుల్లో కూడా వచ్చి బాక్సులు మోస్తాడు. మొదట్లో అతని ముఖంలో అప్పుపడ్డవాడి బెరుకు ఒకటి ఉండేది. ఎవరు చూసినా నమస్కారం పెట్టేవాడు. ఇప్పుడు మా మెకానిక్‌తో క్రికెట్ గురించి గొడవ పడతాడు, ఫలహారాల టేబులు దగ్గర ఉప్మాలో ఉప్పు తగ్గిందంటాడు. ఈ మార్పు నాకు చాలా విలువైనది. సాయం తీసుకునేవాడు ఎప్పటికీ తలవంచుకునే ఉండేలా చేసే సేవ నాకు అక్కర్లేదు. స్నేహం ఉన్నచోట ఆ వంగిన తల మెల్లగా లేస్తుంది. ఇతని మూలంగానే మేమందరం ఇంట్లో పెళ్ళీడు పిల్లలకి తలసీమియా లక్షణం ఉందో లేదో చెప్పే హెచ్‌బీఏ2 రక్తపరీక్ష చేయించాలని నిర్ణయించుకున్నాం. పైకి ఏ జబ్బూ లేకుండా ఆ లక్షణం మాత్రం మోస్తున్న ఇద్దరు పెళ్ళి చేసుకుంటే, ప్రతి కాన్పులోనూ బిడ్డకి తలసీమియా వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు. జాతకాలు చూపించేటప్పుడు ఈ ఒక్క పరీక్ష కూడా చేయిస్తే ఎంత దుఃఖం తప్పుతుందో.

ఇప్పుడు భద్రత సంగతి. ఒకప్పుడు మన దేశంలో రక్తం అమ్ముకునేవాళ్ళు ఉండేవారు. బీదరికం కొద్దీ వారానికోసారి కూడా ఇచ్చేవాళ్ళు. డబ్బు అవసరమైనవాడు తనకి జబ్బు ఉందని చెప్పడు. 1996లో సుప్రీంకోర్టు ఈ వ్యాపారాన్ని ఆపమని తీర్పు ఇచ్చింది, 1998 జనవరి నుంచి డబ్బుకి రక్తం ఇవ్వడం నిషేధం అయింది. ఇప్పుడు రక్తానికి వెల ఉండదు, పరీక్షలకీ నిల్వకీ అయ్యే ఖర్చు మాత్రమే తీసుకోవాలి. కానీ ఇంకో రకం ఒత్తిడి మిగిలింది. "మీ పేషెంటుకి రెండు యూనిట్లు కావాలి, ఇద్దరు డోనర్లని తీసుకురండి" అంటే, బావమరిది మీదో, తోడల్లుడి మీదో బలవంతం పడుతుంది. ఆపరేషన్ గది బయట పదిమంది చుట్టాల ముందు నిలబడ్డ మనిషి, తన వ్యక్తిగత విషయాలు అడిగే ప్రశ్నలకి నిజం చెప్పగలడా? ఇవ్వలేనంటే ఎందుకని అడుగుతారని భయపడి అన్నిటికీ "లేదు" అని టిక్కు పెట్టేస్తాడు.

సేకరించిన ప్రతి సంచికీ హెచ్‌ఐవీ, హెపటైటిస్ బి, సి, సిఫిలిస్, మలేరియా పరీక్షలు చేస్తారు. అయినా ఇన్ఫెక్షన్ సోకిన తొలి రోజుల్లో ఏ పరీక్షకీ దొరకని కొద్ది వ్యవధి ఒకటి ఉంటుంది. ఆ వ్యవధిలో మనల్ని కాపాడేది దాత చెప్పే నిజమే. ఇష్టపడి వచ్చినవాడు, మనతో చనువున్నవాడు, "అన్నా, ఈసారి వద్దులే, మళ్ళీ వస్తాను" అని సులువుగా అనగలడు. మేమూ ఎందుకని అడగం, కాఫీ ఇస్తాం, బాక్సు మోయిస్తాం. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఎప్పటినుంచో చెబుతున్నది ఇదే, డబ్బు తీసుకోకుండా స్వచ్ఛందంగా, క్రమం తప్పకుండా ఇచ్చేవాళ్ళ రక్తమే అన్నిటికన్నా భద్రం అని. కాబట్టి మా క్యాంపులో నవ్వులు ఎక్కువగా ఉన్నాయని ఎవరైనా అంటే, ఆ నవ్వులు కూడా రోగికి చేరే రక్షణలో భాగమే అంటాను.

అయితే ఇంట్లోంచి వచ్చే అభ్యంతరం ఉంది, అది అన్నిటికన్నా బలమైనది. మా ఆవిడ ఒకసారి అడిగింది: "మీరు ఊరికి సేవ చేస్తున్నారు, చాలా సంతోషం. మీరు లేని పూట ఈ ఇంటికి సేవ ఎవరు చేస్తున్నారండీ?"

ఈ ప్రశ్నకి తప్పించుకునే జవాబు లేదు. మగవాడు ఊరి పనికి వెళ్తే మంచివాడంటారు, వెనకాల పిల్లల హోంవర్కు, అత్తగారి మందులు, గ్యాసు బండ, అన్నీ ఆవిడ మీద పడితే ఎవరూ శాలువా కప్పరు. మన సేవాసంఘాల చరిత్రలో సగం ఇలాంటి పేరులేని ఆడవాళ్ళ శ్రమ మీదే నడిచింది. కాబట్టి నా వాదనకి ఒక షరతు ఉంది. తండ్రికి దొరికే ఆదివారం తల్లికి కూడా దొరకాలి. మా ఇంట్లో మొదటి ఆదివారం అందరిదీ, మూడో ఆదివారం ఆవిడది. ఆ రోజు ఆవిడ తన చిన్ననాటి స్నేహితురాళ్ళతో ఎక్కడికి వెళ్తుందో నేను అడగను. జనవరిలో పుస్తకాల పండగ వస్తే పొద్దున వెళ్ళి సాయంత్రం సంచీలతో దిగుతుంది. వంట నాది, మా అమ్మకి మందులు నావి, పిల్లల ప్రాజెక్టులు నావి. నేను వండిన పప్పు తిని ఆవిడ స్నేహితుల కబుర్లు చెబుతుంటే, ఇంట్లో ఇద్దరు పెద్దవాళ్ళకీ ఇల్లు కాక ఇంకో లోకం ఉండటం ఎంత అవసరమో తెలుస్తుంది. ఐదో ఆదివారం వస్తే మా అత్తగారి ఊరు, గుడివాడ దగ్గర.

పిల్లల మాట కూడా చెప్పాలి. తండ్రి ఇంట్లో ఉండటం వేరు, పిల్లలతో ఉండటం వేరు. ఆదివారమంతా సోఫాలో పడుకుని ఫోను చూసే తండ్రి ఇంట్లోనే ఉన్నాడు, కానీ పిల్లలకి దొరకలేదు. మా అమ్మాయి పదో తరగతిలో ఉన్నప్పుడు మొదటిసారి క్యాంపుకి వచ్చి, ఇంటికొచ్చాక వాళ్ళమ్మతో "నాన్న అక్కడ ఎంత నవ్వుతాడో తెలుసా" అందట. పిల్లలకి తండ్రి కోపం తెలుసు, జాగ్రత్తలు తెలుసు, నెలాఖరు చిరాకు తెలుసు. తండ్రికి స్నేహితులు ఉంటారని, వాళ్ళు ఆయన్ని పేరుతో "ఒరేయ్" అని పిలుస్తారని, ఆయన్ని ఆటపట్టిస్తారని చూసే అవకాశం చాలామంది పిల్లలకి రాదు. పెద్దయ్యాక తమకీ ఇలాంటి స్నేహాలు ఉండొచ్చని వాళ్ళు ఎక్కడ చూసి నేర్చుకుంటారు? మా అబ్బాయి డిగ్రీకి వేరే ఊరు వెళ్ళాక మొదట వెతుక్కున్నది అక్కడి క్యాంపు. స్నేహితులు కూడా అక్కడే దొరికారు.

నలభై దాటాక మగవాళ్ళకి స్నేహాలు ఎలా రాలిపోతాయో నేను నా చుట్టూ చూస్తున్నాను. కాలేజీ మిత్రులు వాట్సాప్ గ్రూపులో ఉంటారు, పొద్దునే పువ్వుల బొమ్మతో శుభోదయం వస్తుంది, ఎన్నికలప్పుడు కొట్లాట వస్తుంది, ఎవరైనా పోతే చేతులు జోడించిన బొమ్మలు వస్తాయి. ఆఫీసు స్నేహం బదిలీతో ఆగుతుంది. చుట్టాలతో పెళ్ళిళ్ళలోనే కలుస్తాం. కూర్చుని మనసు విప్పి మాట్లాడుకోవడం మన మగవాళ్ళకి అలవాటు లేదు. ఎదురెదురుగా కూర్చోబెట్టి "ఏంట్రా సంగతులు" అంటే "ఏముంది, మామూలే" అంటాం. అదే ఇద్దరూ చెరో వైపు పట్టుకుని మడత బెడ్డు మెట్లెక్కిస్తున్నప్పుడు, "మా నాన్నకి మతిమరుపు ఎక్కువైందిరా" అన్న మాట దానంతటదే బయటికొస్తుంది. చేతులకి పని ఉన్నప్పుడే మా నోళ్ళు తెరుచుకుంటాయి. నా దగ్గర ఉన్న లోతైన స్నేహాలన్నీ అలా బరువులు మోస్తూ దొరికినవే.

ఇంకొక మాట కొంచెం జాగ్రత్తగా చెప్పాలి. మా ఊళ్ళో ఎవరిది ఏ కులం, ఏ పార్టీ అన్నది తెలుసుకోకుండా స్నేహాలు మొదలవడం అరుదు. కాలనీల్లో, కాలేజీల్లో, చివరికి వాకింగ్ ట్రాకుల మీద కూడా బృందాలు అలాగే కడతాయి. రక్తం ఇస్తే కులం పోతుందని నేను అనను, అలాంటి తియ్యటి మాటల వల్ల ఏమీ మారదు. కానీ మా ఏడెనిమిది మందిమీ ఇంకెక్కడా కలిసే అవకాశం లేనివాళ్ళం. మాస్టారి ఇంటి గృహప్రవేశానికి ఆటో డ్రైవరు కుటుంబం వచ్చి మాతోపాటే పంక్తిలో కూర్చుంది, వాళ్ళ బాబు పుట్టినరోజుకి మాస్టారు దంపతులు వాళ్ళింట్లో భోంచేశారు. ఒక పని కోసం ఏళ్ళ తరబడి కలిశాక, రాకపోకలు వాటంతటవే మొదలయ్యాయి. ఎన్నికల నెలలో మా టిఫిన్ల దగ్గర వాదనలు గట్టిగానే జరుగుతాయి. తర్వాతి క్యాంపుకి మళ్ళీ అందరూ వస్తారు, ఎందుకంటే వ్యాను ఎనిమిదికి వస్తుంది.

ఈ స్నేహం ఎంత గట్టిదో మాకు 2024 సెప్టెంబరులో తెలిసింది. ఆగస్టు 31 నుంచి కుండపోత. సెప్టెంబరు 1 ఆదివారం, ఆ రోజు మాకు క్యాంపు లేదు. బుడమేరు వాగు పొంగి సింగ్‌నగర్, వాంబే కాలనీ, ఆ చుట్టుపక్కల పేటలన్నీ మునిగాయి. ఇటు కృష్ణలో ప్రకాశం బ్యారేజీ దగ్గర వరద మర్నాటికి పదకొండు లక్షల క్యూసెక్కులు దాటింది. మా మెకానిక్ తమ్ముడి ఇల్లు సింగ్‌నగర్‌లో, కింది వాటా. సాయంత్రానికి అతని ఫోను మూగబోయింది. కరెంటు లేదు, చార్జింగ్ లేదు, ఎవరి సిగ్నల్ ఎవరికీ అందడం లేదు.

ఎవరూ పిలవకుండానే సోమవారం పొద్దున మేమందరం సింగ్‌నగర్ ఫ్లైఓవర్ దగ్గర కలిశాం. మాకు పడవ నడపడం రాదు, ఈత కూడా ఇద్దరికే వచ్చు. కానీ పని పంచుకోవడం తెలుసు. ఎవరు జాబితా రాస్తారు, ఎవరు బండి తెస్తారు, ఎవరు జనంతో మాట్లాడతారు అన్నది అడగాల్సిన అవసరం రాలేదు. మాస్టారు నీళ్ళలోకి దిగలేరు కాబట్టి ఇంట్లో కూర్చుని ఫోన్ల మీద ఏ వీధిలో పసిపిల్లలున్నారు, ఎక్కడ డయాలసిస్ పేషెంట్లున్నారు అని రాసి పంపారు. బావ షాపులోంచి బీపీ, షుగరు మందులు, ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు కట్టించారు. ట్రాక్టర్ల మీద, పడవల మీద వెళ్ళేవాళ్ళ చేతికి పాలు, నీళ్ళు, కొవ్వొత్తులతో పాటు ఆ జాబితా కూడా ఇచ్చాం. మంగళవారం మధ్యాహ్నం తమ్ముడి కుటుంబం పక్కింటి మేడ మీద క్షేమంగా ఉందని కబురొచ్చింది. నర్సింగ్ కాలేజీ మేడమ్ అక్కడే ఫ్లైఓవర్ గోడకి ఆనుకుని ఏడ్చేసింది. నేనూ ఏడ్చాను.

నీళ్ళు తీశాక మిగిలింది బురద. ఫైరింజన్లు వచ్చి వీధులూ ఇళ్ళూ కడిగాయి, అయినా మంచం కోళ్ళలో, బీరువా సందుల్లో, మిక్సీ లోపల దాకా బురదే. రెండో ఆదివారం మా క్యాంపు తమ్ముడి ఇల్లే. అతని షెడ్డులో ఖాతాదారుల బైకులన్నీ మునిగాయి, ఇంజన్లలోకి నీళ్ళు పోయాయి. నేను ఉద్యోగంలో ఇన్ని సంవత్సరాలు ఉన్నాను, ఆఫీసులో నా పక్క సీటు అతని ఇల్లు ఎక్కడో నాకు తెలియదు. తమ్ముడి ఇంట్లో ఏ గిన్నె ఏ అరలో ఉండేదో మా అందరికీ తెలుసు, అన్నీ కడిగి అక్కడే పెట్టాం.

విపత్తు వచ్చాక స్నేహం కట్టుకోవడానికి సమయం ఉండదు. అధికారులకి, పెద్ద సంస్థలకి నా మనవి ఒకటుంది. స్వచ్ఛంద కార్యకర్తలని లెక్కల్లో, ఫొటోల్లో చూడకండి. ఒక్కరోజు కార్యక్రమానికి వెయ్యిమందిని పోగు చేసే ఖర్చులో కొంతతో, ఒక పేటలో పదిమంది నెలకి రెండుసార్లు కలిసి పని చేసుకునే చోటు, వాళ్ళకి ఒక పూట టిఫిను, వ్యాను టైముకి రావడం, ఈ మూడూ సరిగ్గా చూడండి. ఏడాది గడిస్తే మీకే తేడా తెలుస్తుంది.

ఇది చదువుతున్న తండ్రుల్లో "నాకు షుగరు ఉంది, నా రక్తం తీసుకోరు" అని ఆగిపోయినవాళ్ళు ఉంటారు. ఇన్సులిన్ తీసుకునేవాళ్ళ దగ్గర తీసుకోరు, నిజమే. మిగతా మందులు వాడేవాళ్ళు క్యాంపు డాక్టరుని అడిగితే వాళ్ళే చెబుతారు. కానీ సూది గుచ్చించుకునే పని మొత్తం క్యాంపులో చిన్న భాగం. ఫారాలు నింపాలి, ఫోన్లు చెయ్యాలి, బెడ్లు దించాలి, ఇచ్చినవాళ్ళు కళ్ళు తిరిగి పడకుండా పక్కన కూర్చుని కబుర్లు చెప్పాలి. మాస్టారికి వచ్చే ఏడాది అరవై ఐదు నిండుతాయి, ఇక ఇవ్వడం కుదరదు. ఆయనకి బావ పుస్తకం అప్పగించాలని మేమనుకుంటున్నాం, బావ ఇంకా ఒప్పుకోలేదు. ఈలోగా ఏప్రిల్, మే నెలల కోసం కాలేజీలు కాని చోట్లు వెతుకుతున్నాం. మీ అపార్ట్‌మెంటులో సెల్లారు ఖాళీగా ఉంటే, నాలుగు ఫ్యాన్లు తిరుగుతుంటే, మీ దగ్గర్లోని బ్లడ్ బ్యాంకుకి ఫోన్ చేసి ఒక ఆదివారం అడిగి పెట్టుకోండి. ఒక స్నేహితుణ్ణి కూడా వెంట తీసుకెళ్ళండి.